రెజిన్ పోసిన డబుల్ బ్యాస్

2019 మార్చి 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. కర్నూలులో తీగ వాద్యాలు బాగుచేసే నా దుకాణం ముందు ఓబులరెడ్డి ట్రాలీ ఆటో ఆపించాడు. బేతంచెర్లలో ఆయనకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆటోలో ఉన్నది ఆయన తమ్ముడు శివారెడ్డి డబుల్ బ్యాస్. వయొలిన్ జాతిదే, మనిషి కంటే ఎత్తు.

జాజ్ బృందంలో బ్యాస్ సాధారణంగా మిగతావాళ్లకు నడక పట్టి ఇస్తుంది. శివారెడ్డి దాన్ని ఒంటరిగా వాయించేవాడు. పెట్టెను అరచేత్తో చరిచేవాడు. ముందుచెక్క మీద జానెడు పగులు ఉండేది. లావు తీగ లాగితే పగులు అంచులు అదిరి, గొంతు జీరపోయిన మనిషిలా పలికేవి. అతికిస్తానంటే ఒప్పుకోలేదు.

"దాన్ని ముట్టొద్దమ్మా. నేను కట్టేదంతా దానికోసరమే."

ఏళ్ల తరబడి ఆ పలుకు చుట్టూ ఒక కృతి కట్టాడు. రాసిపెట్టలేదు. తొలి రికార్డింగు ఆ శుక్రవారమే. అంతలోగా తీగలు సరిచూడమని, అన్న ఇంట్లో ఉన్న బ్యాస్‌ను నాకు పంపమన్నాడు.

దించాక చూస్తే నిగనిగలాడుతోంది.

"యాడన్నా పగులు కనపడతాందా చూడక్కా!" అన్నాడు ఓబులరెడ్డి.

"ఎవరప్పా చేసింది?"

"మా ఫ్యాక్టరీలోనే. బండల పగుళ్లు పూడ్చే రెజినే, ఆరితే రాయి మాదిరి గట్టిపడతాది. తమ్మునికి చెప్పలా, చూసి మురిసిపోనీ అని. స్టూడియోకు పగిలిన పెట్టె ఎత్తుకొని పోతే నలుగురూ నవ్వరా?"

అద్దం, చిన్న లైటు పెట్టి లోపలికి చూశాను. రెజిన్ పగులులోంచి కారి సౌండ్ పోస్ట్ చుట్టూ గడ్డకట్టింది. ముందుచెక్క అదురును వెనుకచెక్కకు చేర్చే పుల్ల అది. మేము వాడే బంక వేడినీళ్లకు వదులుతుంది, చేసిన పని విప్పుకోవచ్చు. రెజిన్ వదలదు.

మధ్యాహ్నం శివారెడ్డి వచ్చి, అన్న ఎదుటే లావు తీగ లాగాడు. మూసిన తలుపు తట్టినట్టు దబ్బుమంది. చెక్కకు చెవి ఆనించి మళ్లీ లాగాడు.

"ఇది ఎవరిదన్నా? నాది యాడ పెట్టినావు?"

"ఇదే గదరా! నీకోసరమే గదా..."

శివారెడ్డి నావైపు తిరిగాడు. "తీయలేవా అమ్మా?"

"తీస్తే చెక్క కూడా ఊడొస్తాదప్పా."

అన్న ముఖం చూడకుండానే మెట్లు దిగిపోయాడు. శుక్రవారం రికార్డింగుకు పోలేదు. ఓబులరెడ్డి తర్వాత కొత్త బ్యాస్ తెప్పించాడు. శివారెడ్డి దాని సంచి కూడా విప్పలేదు, మళ్లీ వాయించనూ లేదు.

ఇప్పుడు ఏ వాద్యం వచ్చినా, ఎవరు తెచ్చినా, వాయించే మనిషినే పిలిపించి మొదట అడుగుతాను: ఇందులో దేన్ని ముట్టకూడదు?

ఆ రోజు పోయినవి: ఒక బ్యాస్ గొంతు, ఎక్కడా రికార్డు కాని ఒక కృతి, ఒక సంగీతకారుడు, ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాట.