ఏ పోవడం

పొద్దున్నే టీ తాగగానే పిన్ని ల్యాప్‌టాప్ తుడిచేది. ముందు మూత, తర్వాత తెర, చివర్న మీటల మధ్య సందులు. తుడిచే గుడ్డ కింది షాపులో మిగిలిన లైనింగ్ ముక్క. తుడవడం అయ్యాక ఒకే ఒక్క ఫైలు తెరిచేది.

ఆ ఫైలులో ఒక తీగ ఉండేది. మీట నొక్కితే కంటికి కనపడని సూది ఏదో తెర మీద దాన్ని కుట్టుకుంటూ పోయేది. కాడ, మొగ్గ, పక్కనే ఒక ఆకు, కాస్త ఎడంగా ఇంకో ఆకు. ఆ రెండో ఆకు సగంలో సూది ఆగిపోయేది. పిన్ని అది ఆగేదాకా చూసి ఫైలు మూసేది. మూసేటప్పుడు కంప్యూటర్, చేసిన మార్పులు దాచమంటారా అని అడిగేది. ఆమె ఏ మార్పూ చేసేది కాదు. అయినా అది రోజూ అడిగేది, ఆమె రోజూ వద్దని నొక్కేది. తర్వాత పనిలో పడేది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఆమె పని ఎంబ్రాయిడరీ మిషన్లకి డిజైన్లు తయారు చేయడం. మిషన్‌కి బొమ్మ అర్థం కాదు, కుట్టే అర్థమవుతుంది. ఏ కుట్టు ముందు పడాలి, ఏ వైపు వాలాలి, దారం ఎక్కడ తెగాలి, గుడ్డ ముడుచుకుపోకుండా అడుగున ఏం వేయాలి, ఇవన్నీ ల్యాప్‌టాప్‌లో పేర్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వాలి. బొమ్మలు గీసేది బాబాయి, కుట్లు పేర్చేది పిన్ని. వాళ్లుండే గదికి సరిగ్గా కిందే మిషన్ల షాపు. మిషన్లు నడుస్తున్నంతసేపూ పై గది నేల సన్నగా వణుకుతుంది. బల్ల మీద గ్లాసు పెడితే టీ మీద గుండ్రంగా గీతలు పడతాయి. కొత్తగా వచ్చినవాళ్లు భూకంపమేమో అని లేచి నిలబడతారు. మిషన్లు ఆగిన రోజున పిన్నికి తల తిరిగినట్టు ఉంటుందట.

బాబాయి గీతలు మరీ సన్నం. దాని మీదే రోజూ గొడవ. దారమంటే దారమండీ, వెంట్రుక కాదు, అనేది పిన్ని. నీ సూదికి చూపు ఆనకపోతే కళ్లజోడు పెట్టించు, అనేవాడు బాబాయి. చివరికి గీత కొంచెం లావయ్యేది, సూది కొంచెం సన్నమైనది వేసేవాళ్లు. ఇద్దరూ తామే గెలిచామనుకునేవాళ్లు.

ఆ ల్యాప్‌టాప్ బాబాయి ముచ్చటపడి కొన్నది. తెర మీదే కలంతో గీయొచ్చు. దాని మీద ఆయన గీసిన మొదటి సొంత బొమ్మ ఆ తీగ. అంతకుముందు ఏది గీసినా కాగితం మీదే గీసేవాడు కాబట్టి కాగితం మిగిలేది. దీనికి కాగితం లేదు. ఎవరూ అడిగి చేయించుకుంటున్నది కూడా కాదు. ఊళ్లో అందరి గుడ్డలకీ పువ్వులు పూయించాం, మన కిటికీకి చూడు, బోడి కర్టెన్, అని మొదలుపెట్టాడు. ఆయన గీసినంత మేరకు పిన్ని కుట్లు పేర్చుకుంటూ వచ్చింది. మిగతాది రేపు గీస్తానని, ఎవరిదో పెన్‌డ్రైవ్ కింద ఇచ్చి రావడానికి మెట్లు దిగి, మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గుండె ఆగిపోయింది.

పిన్ని ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో చూపించింది. ఆమెది గుండె కాదు రాయి అని చాటుగా అనుకున్నవాళ్లున్నారు. ఒక్కసారి ఏడవ్వే, తేలికపడతావు, అని అమ్మ బతిమాలితే, "రావట్లేదక్కా" అంది, కుళాయిలో నీళ్ల సంగతి చెప్పినట్టు. నెల తిరక్కుండానే పనిలో కూర్చుంది. పువ్వులు, తీగలు అడిగినవాళ్లని పంపించేసింది. బడి బ్యాడ్జీలు, ఆఫీసు చొక్కాల జేబుల మీద అక్షరాలు, లాడ్జి తువ్వాళ్ల మీద పేర్లు, ఇవే చేసేది. వాటికి ఎవరూ గీయక్కర్లేదు.

అలా ఉండగా ఒక పొద్దున ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. మీట నొక్కితే లోపల ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగింది. పక్కనున్న చిన్న దీపం వెలిగి ఆరింది. తెర నల్లగానే ఉంది. మళ్లీ నొక్కింది, మళ్లీ అంతే. పిన్ని దాన్ని తుడిచిన గుడ్డతోనే బల్ల కూడా తుడిచి, లేచి వెళ్లి గిన్నెలు కడిగింది. తనకి ఏమీ అనిపించలేదని తర్వాత చెప్పింది. సూది ఆ రోజు కుట్టలేదన్న ఒక్క విషయం మాత్రం తెలుస్తూ ఉందట.

వారంటీ ఇంకా ఉందని అమ్మే గుర్తుచేసి కంపెనీకి ఫోన్ చేయించింది. అవతల సంగీతం చాలాసేపు మోగాక ఒక అమ్మాయి పలికింది. గొంతు చిన్నది, మర్యాద ఎక్కువ.

"చెప్పండి మేడమ్, ఏమైంది?"

"ల్యాప్‌టాప్ పోయిందమ్మా."

"అయ్యో. ఎక్కడ పోయింది మేడమ్?"

"ఇంట్లోనే. బల్ల మీద."

"బల్ల మీదే పెట్టారా? ఎప్పుడు చూసుకున్నారు?"

"రాత్రి బానే ఉంది. పొద్దున లేచి చూసేసరికి పోయింది."

అవతల టకటకా మీటలు నొక్కిన చప్పుడు. ల్యాప్‌టాప్ ఎవరి పేరున ఉందని అడిగితే, మా ఆయన పేరున, అంది పిన్ని. అయితే సార్‌కి ఒక్కసారి ఫోన్ ఇవ్వమంది ఆ అమ్మాయి.

"ఆయన పోయారమ్మా."

"ఎక్కడికి పోయారు మేడమ్? మళ్లీ ఎప్పుడొస్తారు?"

మా ఇంట్లో ఆ మాట చావుకే వాడతాం. బజారుకైతే వెళ్తాం, ఊరికైతే వెళ్తాం. ఆ అమ్మాయి వైపు మాటలో పోవడమంటే ఉత్తి వెళ్లడమే కాబోలు. పక్కనే కూర్చున్న అమ్మ ఫోన్ లాక్కోబోయింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. అన్ని నెలల్లో ఎంతోమంది ఆమెని ఎన్నో అడిగారు. ఎలా జరిగింది, ముందు ఏమైనా తెలిసిందా, ఇప్పుడు ఎలా గడుస్తుంది అని. ఎప్పుడొస్తారని ఎవరూ అడగలేదు.

"చెప్పలేదమ్మా" అంది.

ఫోన్‌లోనైనా దొరుకుతారా అని అడిగింది ఆ అమ్మాయి. దొరకరు, అంది పిన్ని. మళ్లీ టకటకలు. కంప్లెయింట్ తీసుకున్నాం, దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి రండి, అని చెప్పి పెట్టేసింది. చెప్పాల్సిన నాలుగు ముక్కలు చెప్పడానికి నీకేం మాయరోగమే అని అమ్మ కోప్పడింది.

సర్వీస్ సెంటర్ ఒక పెద్ద భవనంలో పై అంతస్తు. చల్లటి గది, గోడ వారగా వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, అందరి ఒళ్లోనూ పసిపిల్లల్లా ల్యాప్‌టాప్‌లు. అమ్మ తోడు వెళ్లింది. పిన్ని వంతు వచ్చాక కౌంటర్ అతను ల్యాప్‌టాప్ తిప్పి అడుగున ఉన్న నంబర్ కొట్టాడు. తెర చూశాడు, పిన్నిని చూశాడు, మళ్లీ తెర చూశాడు. తర్వాత మెల్లగా ల్యాప్‌టాప్‌ని తన వైపుకి జరుపుకున్నాడు.

"ఇది మీకు ఎక్కడ దొరికిందండీ?" అన్నాడు.

దొరకడమేంటి, మాదే, అంది అమ్మ. కంప్యూటర్‌లో అలా లేదన్నాడు అతను. ఇది ఇంట్లోంచి మాయమైనట్టు ఉంది. యజమాని కూడా చెప్పకుండా ఎక్కడికో వెళ్లినట్టు, ఫోన్‌కి దొరకనట్టు ఉంది. నంబర్‌ని లాక్ చేశారు. లాక్ తీసేదాకా రిపేర్ చేయడానికి లేదు, ఆ యజమాని వచ్చి అడిగితే తప్ప బయటికి ఇవ్వడానికీ లేదు.

అమ్మకి ఒళ్లు మండిపోయింది. "అంటే ఏంటి బాబూ, మా మరిది ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పారిపోయాడనా?"

పిన్నికి నవ్వొచ్చింది. ముందు పెదవుల దగ్గరే ఆపుకుంది. ఆగలేదు. కౌంటర్ పట్టుకుని వంగిపోయి నవ్వింది. "పారిపోయాడట అక్కా. బోడి కర్టెన్ చూళ్లేక" అంది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. కుర్చీల్లో వాళ్లు తలలెత్తి చూశారు. అమ్మకి ఏం చేయాలో తోచక ఆమె వీపు రాసింది. నవ్వు ఎలా వచ్చిందో అలాగే ఆగిపోయింది. పిన్ని మొహం మళ్లీ మామూలుగా అయింది. చొక్కా జేబు మీద అక్షరాలు కుట్టేటప్పుడు ఉండే మొహం.

పోయారంటే చనిపోయారని, పోయిందంటే పాడైపోయిందని, అమ్మే విడమరిచి చెప్పింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. మరణ ధ్రువపత్రం నకలు పంపితే లాక్ తీయించే పూచీ తనదన్నాడు. ఈలోగా ఏమైందో చూస్తానని దాన్ని లోపలికి తీసుకెళ్లి, కాసేపటికి తెచ్చి, మదర్‌బోర్డ్ కాలిందన్నాడు. కొత్తది ఉచితంగానే వేస్తారు. అయితే ఈ మోడల్‌లో ఫైళ్లుండే చిప్ కూడా బోర్డుకే అతికి ఉంటుంది. పాత బోర్డు కంపెనీకి తిరిగి వెళ్లిపోతుంది. ఒప్పుకుంటున్నట్టు ఒక సంతకం పెట్టాలి.

"అందులో ఉన్నవి?" అంది పిన్ని.

"పోతాయండీ."

"ఇది ఏ పోవడం బాబూ? తిరిగొచ్చే పోవడమా, రాని పోవడమా?"

ఈసారి మాటకి ఎంత బరువుందో అతనికీ తెలిసినట్టుంది. "రానిదేనండీ" అన్నాడు.

బయట ఎవరిచేతనైనా తీయించుకోవచ్చా అని అమ్మ అడిగింది. ప్రయత్నించవచ్చట, కానీ బోర్డే కాలింది కాబట్టి వస్తుందని చెప్పలేడట. పైగా బయటివాళ్లు మూత విప్పితే వారంటీ పోతుంది. ఆ వారంటీ కూడా నెలాఖరుదాకానే. బ్యాడ్జీలు, చొక్కాలు అన్నీ చేయించుకున్నవాళ్ల పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి. అందులో తప్ప ఇంకెక్కడా లేనిది ఆ తీగ ఒక్కటే. పిన్ని సంతకం పెట్టలేదు. వచ్చేటప్పుడు అతను రూల్ కాదంటూనే ల్యాప్‌టాప్‌ని ఆమె చేతికిచ్చాడు.

తర్వాతి పొద్దుల్లో కూడా పిన్ని దాన్ని తుడిచింది. మూత, తెర, మీటల సందులు. నల్లటి తెర ముందు కూర్చుని, రోజూ సూది నడిచినంతసేపూ కూర్చునేది. కాడ ఎక్కడ మొదలవుతుందో, దారం ఎక్కడ తెగుతుందో, మొగ్గలో కుట్లు ఏ వైపు వాలతాయో, అన్నీ తు.చ. తప్పకుండా గుర్తున్నాయి. ఒక రోజు అమ్మ, అంత గుర్తుంటే కాగితం మీద వేసేయవే, అంది. పిన్ని పెన్సిల్ తీసుకుంది. కాడ దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆమెకి గుర్తున్నవి కుట్లు, తను పేర్చినవి. వాటి కింద ఆయన గీసిన సన్నటి గీత ఎలా తిరిగిందో గుర్తు లేదు. గుడ్డకి ఆనదని దాన్ని లావు చేసింది తనే కదా అంది. అంత మాట అన్నప్పుడు కూడా గొంతు మారలేదు. పెన్సిల్‌ని దాని డబ్బాలో పెట్టేసింది.

నకలు అందాక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయే. లాక్ తీసేశామని చెప్పింది, కానీ పెట్టేయలేదు.

"సారీ ఆంటీ" అంది. ఈసారి మేడమ్ అనలేదు. "మా ఇంట్లో పోయారంటే బయటికి వెళ్లారనే. నాకు తెలీలేదు."

"ఫర్లేదమ్మా" అంది పిన్ని. "మీ ఇంట్లో మాటే బాగుంది."

తర్వాత పిన్నే అడిగింది, కొత్త బోర్డు వేయించుకోవాలంటే ఎప్పుడు తీసుకురావాలని. అప్పుడే తీసుకెళ్తే ఆ పూటే తీసుకుంటారంది. పిన్ని ఛార్జర్‌తో సహా సంచిలో పెట్టుకుని, అమ్మ కోసం కూడా ఆగకుండా ఒక్కతే వెళ్లింది. సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది. కౌంటర్ అతను మరోసారి, నిశ్చయమేనా అండీ, అన్నాడట. నిశ్చయమే, రోజూ దాచవద్దనే నొక్కాను కదా, అందట. అతనికి అర్థమై ఉండదు.

ల్యాప్‌టాప్ బాగై వచ్చింది. తెరవగానే అది నమస్కారం పెట్టి, ఎప్పుడూ చూడనిదానిలా పేరు అడిగింది. పిన్ని కాసేపు చూసి తన పేరు కొట్టింది. ఆ మధ్యాహ్నానికే ఏదో బడి బ్యాడ్జీ పని మొదలుపెట్టింది. కింద మిషన్లు నడుస్తున్నాయి, గ్లాసులో టీ మీద గీతలు పడుతున్నాయి.

ఇప్పుడు పిన్ని పొద్దున్నే ల్యాప్‌టాప్ తుడిచి, నేరుగా పని ఫైలు తెరుస్తుంది. పువ్వులు, తీగలు చేయనని వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తుంది. కిటికీకి ఆ బోడి కర్టెనే ఉంది.