బాపమ్మ వేలి మీది నల్లరంగు

మొన్న ఓటేసి వచ్చి, సిరా వేలు చూపిస్తూ మనవరాలి దగ్గర గొప్పలు పోయాను.

"తొమ్మిదేండ్లకే ఓటేసిన బిడ్డా! నా ఒక్క ఓటుతోనే తెలంగాణోళ్లు గెలిచిండ్రు!"

ఏళ్లుగా కోస్తున్న కోత ఇది. జరిగింది వేరు.

తెలంగాణ కావాలని లేచిన వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగిన తర్వాత, డెబ్భై ఒకటిలో వచ్చిన ఎన్నిక అది. సిరిసిల్లలో మా బాపమ్మ, అంటే నాయిన తల్లి, దానికోసమే కాచుకుని ఉంది. "సచ్చేలోపట తెలంగాణకు ఒక్క ఓటేస్త" అనేది. ఆమె మోకాళ్ల నొప్పులు చూస్తే నాకు జాలి. పొద్దున్నే వాడకట్టు వాళ్లంతా వేలి మీది మచ్చ చూపి "ఓటేసినం" అంటుంటే, ఆ మచ్చే ఓటు అనుకున్నాను. బాపమ్మ కునుకు తీస్తుండగా, మా ఇంట్లో మగ్గం నూలుకు వేసే నల్లరంగును పుల్లతో ఆమె ఎడమ వేలికి పెట్టి, ఆటకు పోయాను.

మధ్యాహ్నానికి నాయిన ఆమెను పోలింగు దగ్గర నుంచి నడిపించుకుని వచ్చాడు.

"ఒకపారి ఏసినవు, మల్లెందుకొచ్చినవని ఎల్లగొట్టిండ్రు! గీ రంగు ఎవడు పెట్టిండు?"

బాపమ్మ నా నల్లటి వేళ్లు చూసింది.

"నేనే అంటిచ్చుకున్న కొడుకా, కండ్లు కానరాక."

పోలింగు ముగిసేదాకా ఆ వేలిని ఇటుకపొడితో తోముతూనే ఉంది. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి ఆమె లేదు.

ఇప్పటికీ ఓటుకు పోయే పొద్దున నా ఎడమ వేలు రెండుసార్లు కడుక్కుంటాను, దాని మీద ఏమీ లేకపోయినా.