పర్లేదండీ

సుమనకి బుద్ధెరిగినప్పట్నించీ నోట్లో నానే మాట ఒకటే, పర్లేదండీ. పెంటపాడులో పెళ్లి బంతిలో గారెలు తన విస్తరి దాకా రాకపోయినా పర్లేదండీ. ఎమ్మెస్సీ చదవాలని ఆశపడితే, సోషల్ వర్క్‌లోనే సీటొచ్చింది సర్దుకోమ్మా అని నాన్న అన్నా పర్లేదు. వట్లూరు కాలేజీలో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉంచినా పర్లేదు. మా వైపు మర్యాద అలాంటిది, కడుపు మండుతున్నా ఎదుటివాడికి సెగ తగలనివ్వం.

కలిదిండి వైపు చేపల చెరువుల మధ్య ఊళ్లలో తాగునీటి గురించి ఆరుగురు పరిశోధకులు వేర్వేరుగా జనంతో మాట్లాడి ఆరు నివేదికలు రాశారు. అన్నీ కలిపి చదివి సారం తేల్చే పని కాలేజీ వాళ్లు సుమనకి అప్పజెప్పారు. ఆ సారాన్ని బట్టే మంచినీళ్ల పైపులైను ఏ ఊళ్లకి వెయ్యాలో అధికారులు నిర్ణయిస్తారు.

ఆరూ ఒకే మాట తేల్చాయి, జనం ఉప్పునీటికి అలవాటు పడ్డారని. సుమన అక్కడితో ఊరుకోక, నివేదికల్లో రాసిన జనం మాటలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివింది. "పర్లేదండీ, డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నాం." "పర్లేదండీ, పిల్లాడికే కాస్త ఒళ్లంతా దురదలు." ఆరుగురూ మొదటి మాట పట్టుకుని తరవాతది వదిలేశారు. విడివిడిగా చదివితే అది ఎవరో ఒకరి నసుగుడే. అన్నీ కలిస్తే ఊళ్లకి ఊళ్లే మొత్తుకుంటున్నట్టు వినపడింది. సుమనకి ఒళ్లు మండిపోయింది. ఆ ఆరుగురి మీద ఎంత మండిందో, ఇన్నాళ్లూ నోరు కట్టుకున్న తన మీదా అంతే మండింది. ఈ ఊళ్లలో పర్లేదంటే ఫిర్యాదు మొదలైందని అర్థం అని రాసిపారేసింది.

కాలేజీ డైరెక్టర్ అచ్యుతరావు గారు చదివి నొచ్చుకున్నారు. ఆరుగురు పెద్దవాళ్లు తేల్చింది ఒక్కరు కాదంటే బాగుండదన్నారు. ఆ మాటలన్నీ వాళ్లు రాసుకున్నవేనని సుమన చెప్పినా వినలేదు. ఆ పేరా తీసేసి, అలవాటు పడ్డారనే పంపిద్దామన్నారు. వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతీ మెత్తగా గుర్తుచేశారు.

"మీకు పర్లేదు కదమ్మా?"

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుమన మింగేసింది.

"పర్లేదనలేనండీ. ఒప్పుకోనండీ. ఆ పేరా తీస్తే నా పేరూ తీసెయ్యండి. ఎందుకు తీయించుకున్నానో పైవాళ్లకి నేనే రాస్తాను."

ఆయన సరిగ్గా వినపడనట్టు చూశారు. సుమన అదే మాట మళ్లీ అంది, ఈసారి అండీ కూడా లేకుండా.

"ఒప్పుకోను."