పీపా మీది నీలం గుర్తు

మా ఊరి బడి ఆగస్టు నడుమ తెరుస్తారు, సెప్టెంబరు ఆఖర్లో మళ్లీ మూడు వారాలు మూసేస్తారు. అది దుంపలు తవ్వే కాలం. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొసన, నదికి అవతలి గట్టు కెనడా అయిన ఈ చేలల్లోకి యంత్రాలు వచ్చి చాలా ఏళ్లయింది. అయినా కొందరు రైతులు బంగాళాదుంపల్ని ఇప్పటికీ చేత్తోనే ఏరిస్తారు. ఆ మూడు వారాలూ పిల్లలూ తల్లులూ సాళ్లలో వంగే ఉంటారు. ఏరే ప్రతివాళ్లకీ ఒక నంబరు చీటీ ఇస్తారు. పీపా నిండగానే దాని మీద మన చీటీ పెట్టి ముందుకు పోవాలి. పీపా మీద మాత్రం రైతు గుర్తు ఉంటుంది. మా ఊరి రైతు లియో సిర్‌ది నీలం ముక్కోణం. కొట్లో ఒకరి పీపాలు ఇంకొకరి పీపాల్లో కలిసిపోకుండా వాళ్ల తాతల నాడు వేసుకున్న గుర్తులవి.

ఒడెట్ మిషో ఆరేళ్లకే బుట్ట పట్టింది. ఇంట్లో మాట్లాడే ఫ్రెంచి బడిలో నోట వచ్చినందుకు అరచేతుల మీద దెబ్బలు తిన్న తరం మాది. ఆ దెబ్బల తర్వాత ఒడెట్ రెండేళ్ల పాటు బడిలో పెదవి విప్పలేదు. ఆ బడిలోనే పెద్దయ్యాక టీచరుగా చేరింది. అయిదో తరగతి చెప్పేది. నోరు తెరవని పిల్లలంటే ఆమెకు ఎక్కడలేని ఆపేక్ష. నేను అదే బడి లైబ్రరీలో పనిచేసేదాన్ని.

సెలవులయ్యాక పిల్లలు గోళ్లలో మట్టితో వచ్చేవాళ్లు. నేర్పిన భిన్నాలన్నీ చేలోనే రాలిపోయేవి. ఒడెట్ ప్రతి ఏడూ మొదటికొచ్చేది. పదవీ విరమణకు కొన్నేళ్ల దూరంలో ఉండగా, ఒక శనివారం పైవాళ్లు టీచర్లందరినీ కూర్చోబెట్టి సొంతంగా వెబ్‌సైటు కట్టడం నేర్పారు. కోడ్ రాయక్కర్లేదు. తెర మీద గళ్లుంటాయి. ఒక గడిలో బొమ్మ, ఒక గడిలో రాత, ఇంకో గడిలో రికార్డు చేసిన గొంతు లాగి పడేయడమే.

“వంటింటి అల్మరా సర్దడం లాంటిదేనే ఎస్తెల్, దీనికింత హడావిడేమిటి?” అంది నాతో.

అలా సర్దింది. చేలో పిల్లలకు ఎదురయ్యే లెక్కలే పెట్టింది. పీపాలో మూడోవంతు నిండితే ఇంకెన్ని బుట్టలు, మంచు కురిసిన పొద్దున పని ఆలస్యమైతే సాయంత్రానికి ఎన్ని సాళ్లు మిగులుతాయి, ఇలాంటివి. లైబ్రరీ వెనక గదిలో కూర్చుని కథల పుస్తకాలు చదివి రికార్డు చేసి పెట్టింది. పిల్లలు భోజనాల వేళ ట్రక్కులో కూర్చుని, అమ్మ ఫోనులో ఆ గొంతు వింటూ ప్లోయ్‌లనే పలచటి అట్లు చుట్టుకుని తినేవాళ్లు. తల్లిదండ్రుల్లో చాలామందికి పాస్‌వర్డులు గుర్తుండవు కాబట్టి సైటుకు తాళం వేయలేదు. మా ఊళ్లో ఇళ్లకే తాళాలుండవు.

లియో సిర్ ఆమెను దుకాణంలో పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు.

“ఏం టీచరమ్మా, నా పొలాన్ని కూడా బడి చేసి పారేశావు. మరి అద్దె సంగతి?”

“నీకు ఏడో ఎక్కం తప్పుల్లేకుండా వచ్చిన రోజున కడతాలే లియో. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు.”

“నా దుంపల లెక్క నాకు తెలుసు, అది చాలు.”

“ఆ లెక్క మీ ఆవిడకి తెలుసు, నీకు కాదు.”

ఆ ఏడు సెలవులయ్యాక పిల్లలు భిన్నాలు మరిచిపోకుండా వచ్చారు. ఒడెట్ లైబ్రరీకి వచ్చి, కుర్చీలో కూర్చుని, కాసేపు ఊరికే నవ్వింది.

రెండో ఏడు ఒడెట్ తరగతికి జోసీ అనే పిల్ల వచ్చింది. తల్లి డెనీస్ భర్తను వదిలి, నది దిగువ ఊరి నుంచి పిల్లతో మా ఊళ్లోని చుట్టాల ఇంటికి చేరింది. భర్త వేన్ వాళ్ల దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు ఉత్తరువు ఉంది. ప్రిన్సిపాల్ ఫిల్‌బ్రిక్ ఒడెట్‌ని పిలిచి ఒకటే మాట చెప్పాడు.

“ఈ పిల్ల పేరు గాని మొహం గాని ఎక్కడా కనపడకూడదమ్మా. నీ సైటులో అసలే కనపడకూడదు.”

ఒడెట్ ఆ మాటను ప్రాణంగా పట్టుకుంది. సైటులో పిల్లలందరి పేర్లూ తీసేసి చీటీ నంబర్లు పెట్టింది. మొహాలున్న ఫొటోలన్నీ తుడిచేసింది. జోసీని ఒక్కదాన్నే వేరుగా పెడితే అదే గుర్తవుతుందని, అందరికీ ఒకటే కట్టుబాటు చేసింది.

జోసీ తరగతిలో మాట్లాడదు. ప్రశ్న అడిగితే బల్లకేసి చూస్తుంది. ఒడెట్ బలవంతపెట్టలేదు. దుంపల సెలవులొచ్చాయి. తల్లీ పిల్లా లియో చేలో పక్కపక్క సాళ్లలో ఏరడానికి కుదిరారు. మొదటి వారంలోనే జోసీ తల్లి ఫోను నుంచి ఒడెట్‌కు ఒక ఫొటో పంపింది. అల్లిన ఆకుపచ్చ చేతి తొడుగులు, వాటి మధ్య బుట్ట, వెనక వరసగా పీపాలు. కింద ఒక లెక్క, తనే కట్టింది.

ఒడెట్ నాకు చూపించింది. “వినవే. ‘నా బుట్టలో సగం మట్టి, సగం దుంపలు. మట్టి దులుపుకుంటూ పోతే మా అమ్మని ఎప్పుడు అందుకుంటాను?’ అంట.”

“జవాబెంత?”

“జవాబు రాదు. కొలతలేవీ ఇవ్వలేదు.” కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “కానీ అడిగింది కదే.”

ఆ ఫొటోను ఫిల్‌బ్రిక్‌కు కూడా చూపించింది. మొహం లేదు, పేరు లేదు. ఆయన సరేనన్నాడు. ఆ మధ్యాహ్నమే సైటులో పెట్టింది. మిగతా పిల్లలు కొలతలు అడుగుతూ కింద రాశారు. జోసీ వాళ్లకు జవాబులు రాసింది. తరగతిలో నోరు విప్పని పిల్ల చేలో కూర్చుని తోటివాళ్లతో వాదించింది.

వారం తిరక్కుండానే అది జరిగింది. నేనూ ఆ చేలోనే ఉన్నాను, సెలవుల్లో నేనూ ఏరేదాన్ని. చేలోకి పికప్ ట్రక్కు వస్తే ఎవరూ తలెత్తి చూడరు, పొద్దస్తమానం వస్తూనే ఉంటాయి. డెనీస్ ఒక్కతే చూసింది. పిల్లను పీపాల వెనక్కి పొమ్మని అరిచి, తను సాలు మధ్యకి వచ్చి నిలబడింది. వేన్ బ్రేకు వేయలేదు. మగవాళ్లు అతన్ని కిందికి లాగేసరికి ఆలస్యమైపోయింది. డెనీస్‌ను బాంగర్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆవిడ మళ్లీ కళ్లు తెరవలేదు. జోసీని పీపాల వెనక నుంచి లియో ఎత్తుకొచ్చాడు. తొడుగులు వేసుకున్న చేతులతో అతని మెడ కరుచుకుని వదల్లేదు.

వేన్ పోలీసులకు దాచకుండా చెప్పాడట. పిల్ల ఏ ఊరి బడికి పోతోందోనని చుట్టుపక్కల బడుల సైటులన్నీ వెతికాడు. ఆ తొడుగులు అతని తల్లి అల్లినవి. ఇక చోటు సంగతి అంటారా, కుర్రతనంలో వేన్ లియో దగ్గరే దుంపల ట్రక్కు తోలినవాడు. నీలం ముక్కోణం ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా?

మర్నాడు ఒడెట్ మా ఇంటికి వచ్చి ఫోనులో ఆ ఫొటో తెరిచింది.

“ఎస్తెల్, ఇందులో ఏం కనపడుతోంది?”

“చేతులు. బుట్ట.”

“ఇంకా?”

ఒడెట్ వెనక పీపా మీది నీలం ముక్కోణం మీద వేలు పెట్టింది.

“నేను మొహం కోసం వెతికాను. ఫిల్‌బ్రిక్ కూడా మొహం కోసమే వెతికాడు. పుట్టినప్పటి నుంచీ ఆ పీపాల మధ్యే తిరుగుతున్నాం. మన ఇంటి గోడను మనం చూస్తామా? కొత్తవాళ్లెవరైనా అయితే మొదట ఆ నీలమే చూసేవాళ్లు.”

ఊరు ఆమెను తిట్టలేదు. అంతకంటే చెడ్డపని చేసింది. దుకాణంలో వరసలో నిలబడితే వెనక నుంచి ఎవరో, “కంప్యూటరు టీచరుగారొచ్చారు, దారి ఇవ్వండర్రా” అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒడెట్ చేతిలోని పాలసీసా అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

సైటులన్నింటికీ తాళం వేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. తాళం వేయడమేం, ఒడెట్ తన సైటును మొత్తంగా తుడిచేయబోయింది. ఆ రోజే సంక్షేమశాఖ ఆవిడ వచ్చింది. జోసీని తల్లి తరఫు పిన్ని తీసుకుపోయింది. ఏ రాష్ట్రమో చెప్పరు, పేరు కూడా మార్చవచ్చు. వేన్ జైల్లో ఉన్నా అతని అన్నదమ్ములు బయటే ఉన్నారు.

“పిల్ల వెళ్లేముందు ఒకటి అడిగిందండీ. టీచరు చదివే కథలు ఇక ముందు కూడా ఉంటాయా అని. వాళ్లమ్మతో కలిసి వినేదట.”

“నేను రికార్డు చేసి ఇస్తే పంపుతారా?”

“మా చేతుల మీదుగా ఏదీ పోకూడదండీ.”

ఆవిడ వెళ్లాక ఒడెట్ చాలాసేపు కిటికీ పక్కన నిలబడింది. ఎక్కడుందో తెలియని పిల్లకు గొంతు అందాలంటే ఒకటే దారి, ఎవరైనా తెరవగలిగే పేజీ. తాళం వేస్తే పిల్లకూ తాళమే. ఫిల్‌బ్రిక్‌తో చెప్పింది.

“నీకు మతి పోయిందా ఒడెట్? జరిగింది చాలదా?”

“ఫొటో ఉండదు. పిల్లలెవరూ ఉండరు. ఒట్టి ముసలిదాని గొంతు, అంతే.”

“బడి పేరు మీద వద్దు.”

“సరే, నా పేరు మీదే పెట్టుకుంటాను.”

బడి సైటును తుడిచేసి, తన సొంత ఖాతాతో ఇంట్లో ఇంకొకటి కట్టింది. దానికి పాత సైటు పేరే పెట్టింది, పిల్ల వెతికితే దొరకాలని. ఒకే పేజీ, గళ్లలో కథలు. అడుగున ఎంతమంది తెరిచారో చూపే అంకె. ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ఒక కథ చదివి పెట్టేది. తరగతిలో మాత్రం ఆ తర్వాత సుద్దముక్క తప్ప ఏమీ ముట్టలేదు. రిటైరయ్యే రోజున పిల్లలు కార్డు ఇస్తే, అందులో ఫొటో ఉందేమోనని ముందు వెనక్కి తిప్పి చూసింది.

ఒకసారి నేను, “నీ కథలు నేనూ వింటూ ఉంటానే” అన్నాను. మంచి మాట అనుకునే అన్నాను.

ఒడెట్ మొహం మాడిపోయింది. “నువ్వా? ఎన్నిసార్లు?”

“వారానికొకసారి.”

తల వంచుకుంది. “ఇక వినకు. కావాలంటే ఇంటికి రా, చదివి వినిపిస్తా. ఆ అంకెలో నువ్వు ఉండొద్దు, ఆ పిల్ల ఒక్కతే ఉండాలి” అంది.

అప్పటి నుంచి తెరవలేదు. ఆ తర్వాత అంకె కదిలిందో లేదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గొంతులో గరగర మొదలయ్యాక కూడా ఆదివారాలు మానలేదు. ఆఖరి రోజుల్లో ఒక్కో వాక్యానికీ ఆగి ఊపిరి తీసుకునేదని, పక్క గదిలో ఉండి ఆమెను చూసుకున్న నర్సు చెప్పింది.

పోయిన చలికాలంలో ఒడెట్ పోయింది. నేల గడ్డకట్టి ఉండడంతో మట్టి మెత్తబడేదాకా ఆగి, వసంతంలో పాతిపెట్టారు. పేజీ ఆమె సొంత పేరు మీద ఉంది కాబట్టి ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. ఆమె గొంతు వినాలని నాకు ఎంతగా ఉంటుందో చెప్పలేను. ఫోను చేతిలోకి తీసుకుంటాను, ఆ అంకె గుర్తొచ్చి మళ్లీ బల్ల మీద పెట్టేస్తాను. జోసీకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి.