సైరన్ మోగే వేళ

మొన్న ఆఫీసు మీటింగుల ఉంటే పక్క గదిల ఎవరి బిడ్డో ఏడ్చింది. ఇంటికాడ ఉన్న నా బిడ్డ యాదికొచ్చి, నా కుర్తా ముందర తడిసింది. ఫైలు ఛాతికి అడ్డం పెట్టుకున్న.

గోదావరిఖనిల నేను రెండో తరగతి చదివేటప్పుడు, బొగ్గుబాయి సైరన్ మోగితే నాన్న సెకండ్ షిఫ్టుకు దిగేటోడు, అమ్మ తమ్మునికి పాలిచ్చేది. రోజూ అదే వేళ. ఒకనాడు తమ్మున్ని పక్కింటి అవ్వకిచ్చి, అమ్మ మా టీచర్‌తో మాట్లాడనీకి బడికొచ్చింది. మాటల నడుమ సైరన్ మోగింది. చూస్తుండంగనే అమ్మ జాకిట్ మీద రెండు తడి మరకలు పెద్దగైనయ్.

తమ్ముడు పక్క తడిపినట్టు అమ్మ కూడా ఆపుకోలేకపోయిందనుకున్న. పోరగాళ్లంతా చూస్తున్నరు. నాకు తల కొట్టేసినట్టైంది. నా బడిసంచి ఆమె ఛాతికి అడ్డం పెట్టిన. అమ్మ దాన్ని మెల్లగ పక్కకు జరిపింది.

"పాలు చేపినయ్ బిడ్డా. తమ్మునికి ఆకలైతున్నట్టుంది. గిందుల సిగ్గేంది?" అని, మళ్ల టీచర్ దిక్కు తిరిగింది.

మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటదని, బిడ్డ ఏడుపుకో అలవాటైన చప్పుడుకో అది హార్మోన్ వదిలితే పాలు దిగుతయని, నాకు కాన్పు చేసిన డాక్టరమ్మ చెప్పింది.

అన్నీ తెలుసు. అయినా మీటింగు అయ్యేదాక ఫైలు దించలేదు.