మా మామగారి ఎర్ర చుక్క

మా మామగారు పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. ఆయన దగ్గర ఒక పెద్ద విదేశీ రివాల్వర్ ఉండేది. వాళ్ళ అన్న పోయాక, లైసెన్సు కాగితాలన్నీ తన పేరు మీదికి మార్పించుకుని మరీ తెచ్చుకున్నారు. పేలిస్తే చెయ్యి ఎగిరి నెత్తిదాకా వచ్చేది. అలా తన్నుతుంది కాబట్టి మా అత్తగారు దాన్ని "గాడిద" అనేవారు. ఆయుధ పూజకి గాడిదకి కుంకుమ పెట్టేవారు. ఆదివారాలు మామగారు దాన్ని షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళి కాగితం టార్గెట్లను కాల్చి, ఏదో రాజ్యం గెలిచినట్టు ఇంటికొచ్చి దోసెలు తినేవారు.

1990ల నడుమ ఆయన కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం అద్దంలా కనబడేది, దగ్గరంతా మసక. రివాల్వర్ కొన మీదుండే గురిముల్లు కనబడదు. కళ్ళజోడు పెట్టుకుంటే ముల్లు కనబడుతుంది, టార్గెట్ మాయమవుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి కాల్చిన ఆరు తూటాల్లో ఐదు పక్కవాడి కాగితంలో దిగాయి. ఆ పక్కాయన వాటిని కూడా కలిపి తన స్కోరు గబగబా రాసేసుకున్నాడు.

క్లబ్బులో ఎవరో చెప్పారట, రిఫ్లెక్స్ సైట్ అని ఒకటుందని. తుపాకీ మీద బిగించే చిన్న గొట్టం. అందులోని అద్దంలోంచి చూస్తే ఎర్ర చుక్క కనబడుతుంది. ముల్లుతో పనిలేదు, టార్గెట్ మీద చుక్క పెట్టి కాల్చడమే. మా ఇంట్లో ఫిజిక్స్ చదివింది నేనొక్కదాన్నే. అప్పటిదాకా ఆ చదువు ఫ్యూజు వైరు మార్చడానికి మాత్రం పనికొచ్చింది. ఉన్నట్టుండి నేను ఆయుధ నిపుణురాలినైపోయాను.

మౌంట్ రోడ్డులో తుపాకుల షాపాయన అద్దాల బీరువాలోంచి ఒకటి తీసి ధర చెప్పాడు. మామగారు దాన్ని పసిబిడ్డని దించినట్టు బల్ల మీద పెట్టేశారు.

"ఏందబ్బా, నేనడిగింది తుపాకీ మీద పెట్టుకునే సైటు. నువ్వు చెప్పే రేటుకి మాధవరంలో ఇల్లు కట్టుకునే సైటు వస్తాది."

అక్కణ్ణించి ఫారిన్ సరుకులమ్మే బర్మా బజారు. గడియారాలు, సెంటుసీసాల మధ్య ఒకతను అచ్చం అలాంటిదే చూపించాడు. ఎయిర్‌గన్‌కి పెట్టేదట. మీట నొక్కితే చుక్క వెలిగింది.

"మామా, ఇది ఎయిర్‌గన్‌కి మామా. మన గాడిద తన్ను దీనికి ఓర్చుకోలేదు," అన్నాను.

"చుక్క వెలగతా ఉండాది గదమ్మా? ఇంకేం గావాల?"

చూలైలో ఒక లేత్ వర్క్‌షాపులో, రివాల్వర్‌కి ఎక్కడా రంధ్రం పెట్టకుండా, దాని మీద సైటును పట్టి ఉంచేలా ఒక బిగింపు చేయించారు. పని అయ్యేంతవరకు మామగారు రివాల్వర్‌ని ఒళ్ళోంచి దించలేదు.

ఆదివారం నన్నూ క్లబ్బుకి తీసుకెళ్ళారు. మొదటి దెబ్బకి చుక్క ఆరిపోయింది. రెండో దెబ్బకి ముందరి అద్దం ఊడి కింద పడింది. ఆగండి మామా అనేలోపు ఆయన మూడోది కూడా పేల్చారు. బిగింపు ఊడి, సైటు వెనక్కి ఎగిరొచ్చి ఆయన నుదుటికి తగిలింది. ఎర్ర చుక్క కావాలన్నారు, సరిగ్గా ఆయన రోజూ పెట్టుకునే కుంకుమ బొట్టు పక్కనే వచ్చింది. ఇంట్లో మాత్రం తలుపు తగిలిందని చెప్పారు. "ఏ తలుపు?" అని అత్తగారు అడిగితే దోసెలు పెట్టమన్నారు.

విరిగిన దాన్ని నేను కోడంబాక్కం తీసుకెళ్ళాను. అక్కడ సినిమా కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు, మావాళ్ళకి దూరపు చుట్టం. విప్పి చూసి నవ్వాడు.

"అద్దాన్ని బంకతో అతికించినారమ్మా. బ్యాటరీ కింద స్ప్రింగు దూదిలా ఉండాది. తన్నినప్పుడల్లా బ్యాటరీ ఎగురతాది, చుక్క ఆరతాది. అద్దానికి లోహపు రింగు ఉండాల, స్ప్రింగు గట్టిగా ఉండాల. కొత్తదే కావాలని ఏముంది? పాతదైనా, పెద్ద తుపాకుల కోసం చేసింది చూడండి. కొనే ముందర కొట్టి చూడండి."

క్లబ్బులో ఒక డాక్టరుగారు అలాంటి పాతదొకటి అమ్ముతానన్నారు. ఒళ్ళంతా గీతలు, ధర మాత్రం మా అందుబాటులోనే. నేను దాన్ని చెక్కకి బిగించి, గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, చుక్కని దాని మీద నిలిపాను. తర్వాత కొయ్య సుత్తితో చెక్కని కొట్టడం మొదలుపెట్టాను. డాక్టరుగారు సుత్తికి చెయ్యి అడ్డం పెట్టబోయారు.

"నా వస్తువమ్మా అది!"

"రివాల్వర్ ఇంతకన్నా గట్టిగా కొడుతుంది డాక్టర్," అంటూ ఇంకో పది వేశాను. చుక్క గుర్తు మీదే ఉంది. తీసుకున్నాం.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బిగింపు బాగుచేయించి సైటుని గాడిదకి తగిలించాం. మామగారు చెయ్యి చాచి, సైటులోంచి చూసి, కాల్చకుండానే దించేశారు.

"ఇదీ మోసమే. చుక్క ఆడతా ఉండాది."

నేను తీసుకుని చూశాను. కొంచెం కదిలిందంతే. ఆయన చేతికిచ్చి పక్కన నిలబడ్డాను. మణికట్టు వణుకుతోంది. గురిముల్లు ఎన్నాళ్ళుగానో దాచిపెట్టిన సంగతిని ఆ చుక్క బయటపెట్టేసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించాను. చెప్పక్కర్లేకపోయింది. ఆయన తన చేతినే చూసుకుంటున్నారు.

"చుక్క ఆడడంలే, గదమ్మా?" అన్నారు మెల్లిగా.

"లేదు మామా."

పది నిమిషాలు బెంచీ మీద కూర్చున్నారు. ఆ పది నిమిషాలూ నాకు ఒక్క వెటకారం కూడా తోచలేదు. తర్వాత లేచి క్లబ్బు వాళ్ళని చిన్న తూటాల పిస్టల్ ఒకటి అడిగారు. తన్నుడు లేనిది. సైటుని దానికి మార్పించారు. రెండు చేతులతో పట్టుకుని కాల్చారు. పదిలో ఏడు నల్లటి వలయంలో పడ్డాయి. మనిషికి మళ్ళీ ఊపిరొచ్చింది.

"నువ్వూ కొట్టు," అని నా చేతికిచ్చారు.

పమిట దోపుకుని కొట్టాను. పదికి తొమ్మిది.

ఆయన టార్గెట్ కాగితం తెప్పించుకుని, రంధ్రాలు రెండుసార్లు లెక్కపెట్టారు. "సైటు మంచిదే," అన్నారు. నన్ను మెచ్చుకోవడం ఆయనకి అంతవరకే చేతనయింది. ఆ నెలలోనే నా పేరుతో క్లబ్బు సభ్యత్వానికి దరఖాస్తు తెచ్చారు, అత్తగారికి చెప్పకుండా.