దుంగ మీద రెండు వందల పద్నాలుగు సార్లు

మా వదిన వీడియో ఆటలకు వేసే మార్కులు మూడే. ఛీ, ఛీఛీ, యాక్. ఛీ అంటే ఆడొచ్చు. ఛీఛీ అంటే ఆడాక తిట్టుకోవచ్చు. యాక్ అంటే ఆ ఆట చేసినవాడు ఎదురుపడకుండా ఉంటే వాడికే మంచిది. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్న మనిషి, ఇంటికొచ్చి వీడియో ఆటలాడటమేమిటని మీరు ముక్కున వేలేసుకుంటే వేసుకోండి. మా ఇంట్లో అందరూ వేసుకుని, తీసేసి, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

తప్పు నాదే. నాలుగేళ్ళ కిందట నా కాలు విరిగి మంచాన పడితే, నా సణుగుడు భరించలేక అన్నయ్య ఆ ఆటల డబ్బా కొనుక్కొచ్చి టీవీకి తగిలించాడు. వదిన మొదట్లో పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ చూసేది. "ఆ తలుపు వెనకాల చూడవేంరా, కళ్ళు కనపడట్లేదా?" అనేది. నెల తిరిగేసరికి కంట్రోలర్ ఆవిడ చేతిలో ఉంది, చాకు నా చేతిలో ఉంది.

పన్నెండేళ్ళప్పుడు నేను వాళ్ళింటికి వచ్చాను. నాకు అన్నం పెట్టిందీ ఆవిడే, చెంప పగలగొట్టిందీ ఆవిడే, పని నేర్పి ల్యాబులో తన పక్క కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆవిడే. మా ల్యాబు ఒక మందుల షాపు పైన మూడు గదులు. ముందు గదిలోకి క్లినిక్కుల నుంచి జనం నోళ్ళ అచ్చులు వస్తాయి, ఎవరెవరి ఉమ్మో, నెత్తురో అంటుకుని. వాటిని కడిగి, ప్లాస్టర్ పోసి, దవడలు తయారు చేస్తారు. నడిమి గదిలో కిటికీ పక్కన మైనం బల్ల. ఆ బల్లకు రెండే కుర్చీలు, వదినదీ నాదీ. మైనంతో పళ్ళు చెక్కేది మేమే. పైవరస ముందు పళ్ళు ఆరూ వదినవి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. వెనక గదిలో మెరుగు పెట్టే మిషను, దాని ముందు బాబాయ్. ఆయన మాకేమీ బాబాయ్ కాదు, ఊరంతటికీ బాబాయే. ఇంట్లో తన కోడలితో పోటీపడి ఆయన కూడా ఆటలాడతాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ముగ్గురికీ ఒక నియమం ఉంది. ఒకే ఆట ముగ్గురం ఆడాలి. ముగ్గురూ పూర్తిచేసేదాకా దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. మూడోవాడు "అయిపోయింది" అన్న మరుక్షణం అన్నం డబ్బాలు తెరుచుకుంటాయి, నోళ్ళు తెరుచుకుంటాయి. ల్యాబు ఓనరుగారు కూడా మాతోనే తింటాడు. ఆటలేవీ ఆయనకు తెలియవు గానీ, వదిన తిట్లు వినడానికి కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

ఆటలో ఎవరు కనపడినా వదిన మొదట చూసేది పళ్ళు. "ఇరవయ్యేళ్ళు అడవిలో దుంపలు తిని బతికాడట, ఆ పళ్ళు చూశారా? పళ్ళ రంగు పోల్చే మన షేడు పట్టీలో కూడా అంత తెలుపు లేదు. ఛీ!" అంటుంది. రాక్షసుడు నోరు తెరిస్తే అందరూ జడుసుకుంటారు. ఈవిడ మాత్రం ఆట ఆపి దగ్గరికెళ్ళి చూస్తుంది. "కింద కోరలు పై పెదవిలోంచి వస్తున్నాయి. వీడు నమిలేదెలా? మింగేదెలా? చేసినవాడికి బుద్ధుండక్కర్లా?" లైటుహౌసు కింద సొరంగంలో నలభై నిమిషాలు బురదలో ఈదించిన ఆట ఒకటుంది. దానికి యాక్ పడింది. ఆ బురదను ఆవిడ వర్ణించిన రోజు ఓనరుగారు పెరుగు ముట్టుకోలేదు.

ఈ వసంతంలో మాకు పెద్ద తలనొప్పి పట్టుకుంది. చేసి పంపిన పళ్ళు వెనక్కి రావడం మొదలైంది. పేషెంటు నోట్లో పెడితే వంకర, లేకపోతే పళ్ళ మధ్య సందు. రెండు నెలల్లో ఆరు సెట్లు తిరిగొచ్చాయి. ఓనరుగారు మొదట మైనాన్ని తిట్టాడు, తర్వాత ప్లాస్టర్‌ని తిట్టాడు, చివరికి మా బల్ల దగ్గర నిలబడి, "ఇది చేతి తప్పే. ఎవరి చేతిదో తేలిందంటే ఆ మనిషి ఈ కుర్చీ దిగాల్సిందే, మొహమాటం లేదు" అనేసి వెళ్ళాడు. అనేటప్పుడు ఆయన చూసింది నన్ను. నాకు అరికాళ్ళలోంచి మంట లేచింది. ఎందుకంటే ఆ రెండు నెలలుగానే వదిన తన ముందు పళ్ళు సగం నా మీదకి తోస్తోంది. "నేర్చుకోరా, ఎన్నాళ్ళు దవడపళ్ళే చెక్కుతావు?" అంటూ. పని నాది, పేరు పోయేదీ నాదే. సొంత వదినే కదా అని ఊరుకున్నాను గానీ, లోపల కుతకుతలాడిపోయాను.

అప్పుడే కంచరగాడిద ఆట మొదలుపెట్టాం. ఒక తపాలావాడు ఉత్తరాల మూటలు కంచరగాడిద మీద వేసుకుని కొండలు దాటతాడు. అంతే కథ. ఎనిమిది గంటలు దాన్ని మేపిస్తారు, నీళ్ళు తాగిస్తారు, వర్షంలో తల నిమిరిస్తారు. చివర్లో మంచు విరిగిపడుతుంటే, తాడు నువ్వే కోసి దాన్ని లోయలోకి వదిలేయాలి. బటన్ నొక్కితే తప్ప ఆట ముందుకు పోదు. ఇంత రోత ఆట ఈ మధ్య ఆడలేదు. ఎనిమిది గంటల ప్రేమా ఆ ఒక్క ఏడుపు కోసమేనా? వదిన దీన్ని ఏమని చీల్చి చెండాడుతుందోనని నేనూ బాబాయ్ ఎదురుచూశాం. వారం చూశాం. రెండు వారాలు చూశాం. మూడో వారం బాబాయ్ ఉండబట్టలేక, "ఏమ్మాయ్, గాడిదకి గడ్డి పెడుతూ కూర్చున్నావా ఇంకా?" అన్నాడు.

"అయిపోయింది," అంది వదిన, డబ్బా మూత తీస్తూ.

"ఊఁ, అయితే?"

"బాగుంది."

నేను ముద్ద నోటి దగ్గరే ఆపేశాను. నాలుగేళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినలేదు. "బాగుందా? ఆ చివర కూడానా?" అన్నాను.

"చివరే బాగుంది. పాపం, ఆ గాడిద ఇల్లు చేరింది చూశావూ, ప్రాణం కుదుటపడింది," అంది.

బాబాయ్ నా వంక చూశాడు. అబద్ధం! మా నియమం పెట్టిందే ఆవిడ, "పూర్తిచెయ్యనివాడికి తిట్టే హక్కు లేదు" అని. సాయంత్రం ఇంటికెళ్ళగానే, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు టీవీ పెట్టి ఆవిడ ఆట తెరిచాను. సగం దగ్గర ఆగిపోయి ఉంది. లోయ మీద ఒక దుంగ ఉంటుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో కదిపే పుల్లను కాస్తంత ముందుకు నొక్కి పట్టుకుని, గాడిదను పది అంగలు నడిపించాలి. నేను రెండో ప్రయత్నంలో దాటాను. తెర మూలన ఆట లెక్క చూపిస్తుంది. 'ఇక్కడ పడిన సార్లు: 214.'

ఫోనుతో ఫొటో తీశాను. ఎందుకు తీశావంటే ఏం చెప్పను? ఒళ్ళు మండి. నా మీద పనులు తోసి, నాకు మాట తెప్పించి, పైగా పూర్తిచేయని ఆటకు కబుర్లు. ఆ మంటలో, నవ్వుకోవడానికే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు భోజనాల దగ్గర ఫోను బల్ల మీద పెట్టాను. "గాడిద ఇల్లు చేరిందట బాబాయ్! చూడు, మా వదిన గాడిద దుంగ మీంచే రెండు వందల పద్నాలుగు సార్లు లోయలోకి చేరింది."

బాబాయ్ పొలమారేదాకా నవ్వాడు. ప్లాస్టర్ కలిపే ఆవిడ కూడా వచ్చి తొంగిచూసి నవ్వింది. వదిన నవ్వలేదు. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని డబ్బా వంక చూస్తూ కూర్చుంది. ఓనరుగారు ఫోను తీసుకుని, కళ్ళజోడు పైకి జరిపి, ఆ అంకె చదివాడు.

"ఇంత కష్టమా? ఏం చెయ్యాలి అక్కడ?" అన్నాడు.

"ఏమీ లేదు సార్, చిన్నపిల్లలు కూడా దాటతారు," అన్నాను హుషారుగా. "చెయ్యి వణక్కుండా పట్టుకుంటే చాలు."

మాట బయటికొచ్చేసింది. నోట్లోకి మళ్ళీ తీసుకునే మాటైతే ఎంత బాగుండేది. ఓనరుగారు ఫోను మెల్లిగా కింద పెట్టాడు. బాబాయ్ నవ్వు ఆగిపోయింది. నేను వదినను చూశాను. ఆవిడ ఇంకా ఒక్క ముద్ద కూడా తినలేదని అప్పుడు గమనించాను. ఈ మధ్య ఆవిడ మా ముందు నీళ్ళు తాగడం కూడా చూసిన గుర్తు లేదు.

"ఏదమ్మా, ఒకసారి చెయ్యి చాపు," అన్నాడు ఓనరుగారు.

వదిన చెయ్యి చాపలేదు. "తిన్నాక మీతో మాట్లాడతాను సార్," అంది.

ఆ సాయంత్రం ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం, అలవాటుగా. దారిలో ఆవిడ ఒక్క మాట తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఇంటి దగ్గర అన్నయ్య నన్ను వంటగదిలోకి లాగాడు.

"మీ వదిన చెయ్యి వణకడం మొదలై నాలుగు నెలలైందిరా. డాక్టరు మందులిచ్చాడు. ఇంక పెరగకుండా ఆపుతాయట, ఉన్నది మాత్రం పోదట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే? నువ్వు నోరు మూసుకుని కూర్చునేవాడివా?"

నేను గుమ్మానికి ఆనుకున్నాను. "ఆ దుంగేంటో అదేంటో నాకు తెలీదు గానీ," అన్నాడు అన్నయ్య, "రోజూ పని నుంచి రాగానే దాని ముందే కూర్చునేది. అది దాటిన రోజు చెయ్యి కుదుటపడ్డట్టే లెక్కనేది. ముందు పళ్ళు నీకిస్తోంది కూడా అందుకే, తన చేత్తో చెడగొట్టడం ఇష్టంలేక. వాడికి చెయ్యి తిరిగేదాకా ఎలాగోలా లాగుతానంది."

ఛీ అనిపించింది. ఆట మీద కాదు. అద్దంలో మొహం చూసుకుంటే ఎంగిలి విస్తరి చూసినట్టు రోత పుట్టింది. అన్నం పెట్టిన మనిషి పాట్లు ఫొటో తీసి నలుగురి ముందు పెట్టాను, అదీ నవ్వులాటకని.

ఓనరుగారు చెడ్డవాడు కాదు. మానేయమనలేదు. వదినను ముందు గదిలోకి మార్చాడు. అచ్చులు కడగడం, వాటి మీద పేర్ల చీటీలు అంటించడం. ఇరవై రెండేళ్ళు పళ్ళకు రూపం ఇచ్చిన చేతులతో ఇప్పుడు జనం ఉమ్ము కడుగుతోంది. ఆవిడ కుర్చీ నాకిచ్చాడు. దాని ఎత్తు ఆవిడకు సరిపోయేలా పెట్టి ఉంది, నా మోకాళ్ళు బల్లకు కొట్టుకుంటున్నాయి. మార్చుకోమన్నారు అందరూ. మార్చుకోలేదు.

ఇంట్లో వదిన నాతో మామూలుగానే మాట్లాడేది. అన్నం పెట్టేది, తువ్వాలు ఆరేయమనేది. ఒక్క ఛీ మాత్రం రాలేదు. నెలన్నరపాటు దేన్నీ ఛీ అనలేదు, చివరికి నన్ను కూడా. ల్యాబులో భోజనాల దగ్గర గ్లాసు ఎత్తకుండా, దాని మీదకే వంగి తాగేసేది, డబ్బా అందరికన్నా ముందే ముగించి లేచిపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం దుంగ ముందు కూర్చుని ఉంటే ఉండబట్టలేక, "ఇటివ్వు వదినా, నేను దాటించేస్తాను," అన్నాను.

"ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తాను," అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. గాడిద మళ్ళీ పడింది.

ఈలోగా మంచుపడవ ఆట వచ్చింది. నేను పూర్తిచేశాను, బాబాయ్ పూర్తిచేశాడు. నిన్న భోజనాల దగ్గర ఓనరుగారు కూడా ఉండగా, బాబాయ్ నా వైపు తిరిగి, "ఏరా, అయిందా? ఇంకెన్నాళ్ళు నోరు కుట్టుకోమంటావు?" అన్నాడు.

"ఇంకా అవలేదు బాబాయ్," అన్నాను. వదిన అటు పక్కనే ఉంది. ఆవిడ ఆడలేని ఆట గురించి ఆవిడ ముందు కబుర్లేమిటని.

"అబద్ధం," అంది వదిన.

అందరం అటు చూశాం.

"పోయిన గురువారమే పూర్తిచేశాడు. ఆ చివర చూసి దిండు విసిరికొట్టాడు, నేను గుమ్మంలోంచి చూశాను. ఇప్పుడు నా మొహం చూసి మర్యాదలు పోతున్నాడు." అంటూనే గ్లాసు బల్ల మీద నుంచి ఎత్తింది, అందరి ముందూ, రెండు చేతులతో. సగం నీళ్ళు చీర మీద ఒలికాయి. మిగతా సగం తాగి కింద పెట్టింది. "నాకోసం ఎవరూ ఆగక్కర్లేదు. నేనింకా దుంగ మీదే ఉన్నాను. నిన్నటికి నాలుగు వందల ఆరు."

ఓనరుగారు తల వంచుకున్నాడు. బాబాయ్ తన తువ్వాలు అందించాడు. ఆవిడ చీర తుడుచుకోలేదు, బల్ల తుడిచింది.

"చెప్పరా. ఎలా ఉంది?"

చెప్పాను. మంచులో చిక్కుకున్న పడవ గురించీ, కెప్టెన్‌ను వదిలేసి పారిపోయేవాళ్ళ గురించీ, చివరికి అదంతా కల అని తేల్చిన దరిద్రం గురించీ. చెబుతుంటే నాకు కోపం నిజంగానే వచ్చేసింది, బల్ల గుద్దాను కూడా. వదిన మొత్తం విన్నది.

"అందులో మన దుంగలాంటివి ఉన్నాయా?"

లేవని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉన్నాయి వదినా," అన్నాను. "మూడు."

"ఛీ," అంది వదిన. డబ్బా మూత పెట్టుకుని అచ్చులు కడగడానికి లేచింది.